రేడియోలో తారల ‘ప్రత్యేక’ ఇంటర్వ్యూలు: పాత జవాబులకు కొత్త ప్రశ్నలు అతికించే పద్ధతిపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పద్ధతి గురించి ఈ చర్చ?

ఒక నటుడో గాయకుడో ఎక్కడో ఒకచోట ఒక్కసారి కూర్చుని ఇచ్చిన జవాబుల రికార్డింగును అనేక రేడియో స్టేషన్లు తెచ్చుకుని, ప్రశ్నలు మాత్రం తమ వ్యాఖ్యాత గొంతుతో చదివించి, ఆ తార తమ స్టూడియోకు వచ్చి తమతోనే మాట్లాడినట్టు వినిపించే పద్ధతి గురించి. ఇది నిన్న మొన్న పుట్టిన తెలివి కాదు. అమెరికాలో ఇరవయ్యవ శతాబ్దం మధ్యనాటికే ఇది బాగా స్థిరపడిన ప్రచార విధానం. అక్కడి వాణిజ్య రేడియో చరిత్రలోనే దీనికి స్పష్టమైన ఆధారాలు దొరుకుతాయి కాబట్టి చాలా జవాబులు అక్కడి సంగతులతోనే నడుస్తాయి. తెలుగు ఎఫ్‌ఎం శ్రోతలకు సంబంధించిన ప్రశ్నలు తరువాత వస్తాయి.

జవాబులు మాత్రమే ఉన్న రికార్డు అంటే అది ఎలా ఉండేది?

అందరికీ తెలిసిన ఉదాహరణ బ్రిటిష్ పాప్ బృందం బీటిల్స్‌ది. 1964 ఫిబ్రవరిలో ఆ నలుగురు అమెరికాలో అడుగుపెట్టి, 9వ తేదీన ఎడ్ సలివన్ టెలివిజన్ కార్యక్రమంలో పాడినప్పుడు దాదాపు ఏడు కోట్ల ముప్పై లక్షల మంది చూశారు. దేశంలోని ప్రతి ఊరి రేడియో స్టేషనుకూ వారి ఇంటర్వ్యూ కావాలి, కానీ ప్రతి ఊరికీ వెళ్ళడం వారికి సాధ్యం కాదు. వారి పాటలను అక్కడ విడుదల చేస్తున్న క్యాపిటల్ రికార్డ్స్ సంస్థ ఏడు అంగుళాల చిన్న రికార్డు ఒకటి అచ్చువేసి, అమ్మకానికి పెట్టకుండా స్టేషన్లకు పంపింది. ఒక వైపు ఇంటర్వ్యూ, మరో వైపు ‘ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్’తో సహా మూడు పాటలు ఉండేవి.

ఇంటర్వ్యూ వైపు ముల్లు పెడితే బీటిల్స్ జవాబులు వినిపిస్తాయి గానీ అడిగేవారెవరూ ఉండరు. జవాబుకూ జవాబుకూ మధ్య కొంత నిశ్శబ్దం వదిలి ఉంటుంది. అడగవలసిన ప్రశ్నలు రికార్డు పెట్టుకునే అట్ట సంచి మీద వరుసగా అచ్చయి ఉంటాయి. స్థానిక వ్యాఖ్యాత ఆ అట్టను చేతిలో పట్టుకుని, ముల్లు నిశ్శబ్దంలోకి రాగానే మొదటి ప్రశ్న చదివి, జవాబు వచ్చేవరకు ఆగి, మళ్ళీ తరువాతి ప్రశ్న చదవాలి. ఒకటి రెండు సార్లు సాధన చేసిన వ్యాఖ్యాత అయితే చివర్లో చిన్న నవ్వు, ‘అవునా’ అనే ఒక మాట కూడా కలిపి రక్తి కట్టించగలడు. పద్ధతి ఫలించిందని వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే అదే ఏడాది అదే తరహాలో రెండో రికార్డు కూడా వచ్చింది. వారి సినిమాల ప్రచారం కోసం యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సినిమా సంస్థ కూడా ఇటువంటి రికార్డులనే స్టేషన్లకు పంపింది.

ఏ ఊరి వ్యాఖ్యాత అడిగినా అతికేలా జవాబులను ఎలా తయారుచేసేవారు?

ఈ పనిలో నిజమైన నైపుణ్యం అంతా ఇక్కడే ఉంది. జవాబులో ఊరి పేరు రాకూడదు, అడిగినవారి పేరు రాకూడదు, రోజు, వేళ, వాతావరణం ఏవీ రాకూడదు. ‘నిన్న రాత్రి’ అన్న మాట ఒకటి దొర్లినా వారం తరువాత ఆ రికార్డు పనికిరాదు. ‘మీరు ఇందాక అన్నట్టు’ అని జవాబు మొదలైతే, ఇందాక ఏమీ అనని వ్యాఖ్యాత ఇబ్బందిలో పడతాడు. అందుకే జవాబులు విడివిడిగా, దేనికది పూర్తిగా, చాలావరకు ప్రశ్నలోని మాటలను మళ్ళీ పలుకుతూ మొదలవుతాయి. ‘కొత్త సినిమాలో మీ పాత్ర ఏమిటి’ అన్న ప్రశ్నకు ‘నా పాత్ర’ అని కాకుండా ‘ఈ కొత్త సినిమాలో నేను వేసిన పాత్ర’ అని ఎత్తుకుంటారు.

వ్యాఖ్యాత అట్ట మీది ప్రశ్నను తన యాసలో తిప్పి అడిగినా జవాబు తప్పిపోకుండా ఉండటానికి కూడా ఇది ఉపకరించేది. శుభలేఖలు ఒకే అచ్చులో వేయించి పిలిచేవారి పేరు మాత్రం చేత్తో రాసినట్టు, తార మాటలు అన్ని స్టేషన్లకూ ఒక్కటే, పిలుపు మాత్రం ఎవరిది వారిది.

కంపెనీలకు దీనివల్ల ఏమి లాభం, స్టేషన్లు ఎందుకు ఒప్పుకొనేవి?

తార ఒక పూట ఇచ్చిన సమయంతో దేశమంతటా ప్రచారం జరిగిపోవడం కంపెనీకి లాభం. చిన్న ఊరి స్టేషనుకు ఆ స్థాయి మనిషి దొరకడమే దుర్లభం, పైగా ఉచితం. అయితే ఈ రెంటికంటే ముఖ్యమైన మూడో లాభం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. ప్రశ్నలు రాసినవారు కంపెనీవారే కనుక ఇబ్బందికరమైన ప్రశ్న రానే రాదు. విడాకుల గురించీ, ఆడని సినిమా గురించీ, పారితోషికం గురించీ అడిగే వీలు నిర్మాణంలోనే తీసివేశారు. శ్రోతకు మాత్రం తన ఊరి వ్యాఖ్యాత స్వేచ్ఛగా అడుగుతున్నట్టే వినిపిస్తుంది. నా దృష్టిలో ‘మా స్టూడియోలో ఉన్నారు’ అన్న చిన్న అబద్ధం కంటే ఇది పెద్ద నష్టం.

ఆ రోజుల్లో రికార్డు చేసినదాన్ని ప్రత్యక్షమని నమ్మించడం తప్పుగా భావించేవారు కాదా?

తప్పుగా భావించడమే కాదు, ఒక దశలో రికార్డింగు మాటే గిట్టేది కాదు. అమెరికాలో 1927లో ఏర్పడిన ఫెడరల్ రేడియో కమిషన్, గ్రామఫోను రికార్డులు వేసేటప్పుడు అవి రికార్డులని శ్రోతలకు చెప్పి తీరాలని తొలి నాళ్ళలోనే స్టేషన్లను ఆదేశించింది. ఎన్‌బీసీ, సీబీఎస్ వంటి పెద్ద నెట్‌వర్కులు ప్రత్యక్ష ప్రసారమే తమ పరువుగా భావించి రికార్డు చేసిన కార్యక్రమాలను నిషేధించుకున్నాయి. 1937 మే 6న హిండెన్‌బర్గ్ గాలిఓడ మంటల్లో కూలిపోతున్నప్పుడు అక్కడే ఉన్న రేడియో విలేకరి హెర్బర్ట్ మారిసన్ చేసిన రికార్డింగును మరునాడు ప్రసారం చేయడానికి ఎన్‌బీసీ తన నియమాన్ని సడలించుకోవలసి వచ్చింది.

ఆ కట్టుబాటును తెంచినవాడు గాయకుడు బింగ్ క్రాస్బీ. ప్రతి వారం ప్రత్యక్షంగా పాడటానికి ఇష్టపడక, 1947 అక్టోబరు నుంచి తన కార్యక్రమాన్ని టేపు మీద రికార్డు చేసి ఏబీసీ నెట్‌వర్కులో వినిపించాడు. టేపును కోసి అతికించవచ్చునన్న సంగతి అందరికీ బోధపడిన తరువాత, రెండు వేర్వేరు రోజుల గొంతులను ఒకే సంభాషణగా కూర్చడం సాంకేతికంగా పెద్ద కష్టం కాకుండా పోయింది.

అమెరికాలో ఇది చట్టవిరుద్ధమా?

సూటిగా అవునని చెప్పలేము. కార్యక్రమం ప్రసారం చేసినందుకు డబ్బు గానీ విలువైన వస్తువు గానీ తీసుకుంటే ఆ సంగతి చెప్పాలని అక్కడి కమ్యూనికేషన్ల చట్టం 317వ సెక్షను అంటుంది. కానీ ప్రసారం కోసమే ఉచితంగా ఇచ్చిన రికార్డుల వంటి సామగ్రికి, రాజకీయాలకూ వివాదాస్పద విషయాలకూ సంబంధించినవి కానంతవరకు, అదే సెక్షనులో మినహాయింపు ఉంది. కాబట్టి బీటిల్స్ రికార్డు ఎక్కడిదో చెప్పవలసిన అవసరం చాలామంది వ్యాఖ్యాతలకు కలగలేదు.

అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నియమాల్లో మరొకటి ఉంది. సమయానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్న విషయమైనా, ఇప్పుడే జరుగుతోందన్న భ్రమ కలిగించడానికి స్టేషను పనిగట్టుకుని ప్రయత్నించిన సందర్భమైనా, అది రికార్డు చేసినదని ప్రారంభంలోనే చెప్పాలి. ‘ఇప్పుడే మన స్టూడియోలోకి అడుగుపెట్టారు’ అంటే ఈ నియమం అడ్డుపడుతుంది. ‘ఆయనను ఈ విషయం అడిగినప్పుడు ఇలా అన్నారు’ అంటే అడ్డుపడదు, ఎవరు అడిగారో చెప్పకపోయినా సరే. రెండో వాక్యం రాయగలిగినవారికి మొదటి వాక్యం అవసరమే పడదు.

కంప్యూటర్లు వచ్చాక ఏమి మారింది?

అంతకుముందు తార గొంతు ఒక్కటే బయటినుంచి వచ్చేది, తరువాత వ్యాఖ్యాత గొంతు కూడా బయటినుంచి రావడం మొదలైంది. ఒక నగరంలో కూర్చున్న వ్యాఖ్యాత పాటల మధ్య మాటలను ముందుగానే రికార్డు చేసి, వందల మైళ్ళ దూరంలోని స్టేషన్ల కంప్యూటర్లకు పంపించే పద్ధతిని వాయిస్ ట్రాకింగ్ అంటారు. 1996లో అక్కడి కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక సంస్థ దేశవ్యాప్తంగా ఎన్ని స్టేషన్లనైనా కొనుక్కునే వీలు కల్పించిన తరువాత, క్లియర్ ఛానెల్ వంటి సంస్థలు వెయ్యికి పైగా స్టేషన్లకు యజమానులై ఈ పద్ధతిని విస్తృతంగా వాడాయి.

దేశమంతటా నడిపిన పోటీని స్థానిక పోటీగా శ్రోతలకు వినిపించారన్న ఆరోపణపై 2000లో ఫ్లోరిడా రాష్ట్ర అటార్నీ జనరల్‌తో క్లియర్ ఛానెల్ 80,000 డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఇక 2002 ఫిబ్రవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ ప్రచురించిన కథనం మన విషయానికి మరింత దగ్గరది. ఐడహో రాష్ట్రంలోని బాయిసీ పట్టణపు శ్రోతలు ఒక పాప్ గాయకుల జంటతో స్థానిక వ్యాఖ్యాత ఇంటర్వ్యూ విన్నారు. ఆ ఊరికి వచ్చినందుకు గాయకులు ఎంతో సంతోషపడినట్టు మాటలు సాగాయి. నిజానికి ఆ వ్యాఖ్యాత ఉన్నది కాలిఫోర్నియాలోని శాన్ డీగోలో, ఇంటర్వ్యూ జరిగినదీ అక్కడే. 1964 నాటి రికార్డులో ఊరి పేరు రాకుండా జాగ్రత్తపడేవారు. ఇక్కడ తారలే ఆ ఊళ్ళో ఉన్నట్టు మాట్లాడారు.

ఇటువంటి మోసానికి ఎక్కడైనా గట్టి జరిమానా పడిందా?

బ్రిటన్‌లో పడింది, అయితే అక్కడ నకిలీ అయినది తార కాదు, శ్రోత. బీబీసీ కార్యక్రమాలు కొన్నింటిలో ముందే రికార్డు చేసిన భాగాలను ప్రత్యక్ష ప్రసారంగా చెప్పి, పోటీలలో సిబ్బందినీ వారి స్నేహితులనూ మామూలు శ్రోతలుగా మాట్లాడించినట్టు తేలడంతో 2008 జూలైలో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ మొత్తం 4,00,000 పౌండ్ల జరిమానా విధించింది. అందులో అతి పెద్ద భాగం, 1,15,000 పౌండ్లు, 6 మ్యూజిక్ అనే రేడియో సర్వీసులోని ఒక్క కార్యక్రమానిదే. ఆ మొత్తం బీబీసీకి లైసెన్సు ఫీజు కట్టే ప్రజల సొమ్ము నుంచే పోయిందన్నది వేరే విచారం.

తెలుగు ఎఫ్‌ఎం స్టేషన్లలో పరిస్థితి ఏమిటి?

హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ల సందడి 2006లో మొదలైంది. వాటి ఆదాయానికీ కాలక్షేపానికీ సినిమాయే వెన్నెముక. సినిమా విడుదలకు వారం ముందు హీరో, హీరోయిన్, దర్శకుడు ఒక హోటల్లోనో నిర్మాణ సంస్థ ఆఫీసులోనో కూర్చుంటే, టీవీలు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానెళ్ళు, ఎఫ్‌ఎంలు వరుసగా వచ్చి ఒక్కొక్కరు కొన్ని నిమిషాలు మాట్లాడి వెళతారు. ఏడో మైకు దగ్గరకు వచ్చేసరికి మొదటి మైకుకు చెప్పిన జవాబే అదే విరామంతో, అదే నవ్వుతో వస్తుంది. దానిని ఎవరూ మోసం అనరు, ఎందుకంటే అడిగినవారు నిజంగానే ఎదురుగా ఉన్నారు. ఆ వరుసలో చోటు దొరకని స్టేషనుకు సినిమా ప్రచారం చూసే పీఆర్వో ఆడియో బైట్లు (తార మాటల చిన్న ముక్కలు) పంపినప్పుడు, ఆర్‌జే (రేడియో వ్యాఖ్యాత) వాటి మధ్య తన ప్రశ్నలు చేర్చి ‘ఎక్స్‌క్లూజివ్’ అన్నప్పుడు మాత్రం అది బీటిల్స్ అట్ట సంచి పద్ధతే అవుతుంది.

ఒకే సంస్థకు చెందిన స్టేషన్లు కార్యక్రమాలను పంచుకోవడంలో తప్పేమీ లేదు. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ మూడో దశ విధానం సొంత నెట్‌వర్కులో దేశమంతటా అందుకు అనుమతిస్తోంది. హైదరాబాదు స్టూడియోలో జరిగిన ఇంటర్వ్యూ వరంగల్లులోనో విజయవాడలోనో వినిపించవచ్చు. ఆ ఊరి ఆర్‌జే గొంతుతో ప్రశ్నలు మార్చి వినిపించినప్పుడే పేచీ వస్తుంది.

‘హాయ్, నేను మీ ఫలానా, మీరు వింటున్నారు ఫలానా ఎఫ్‌ఎం’ అని తారే స్వయంగా చెప్పారు కదా, అది సాక్ష్యం కాదా?

కాదు. దానిని రేడియోవారు లైనర్ అంటారు. ప్రచారం రోజున తార చేతికి స్టేషన్ల పేర్ల జాబితా ఒకటి ఇస్తారు. ఒకే ఊపులో ఒకదాని తరువాత ఒకటి చదివేస్తారు. శ్రద్ధగా వింటే ‘మీరు వింటున్నారు’ వరకు పలుకు చురుకుగా ఉండి, స్టేషను పేరు దగ్గర అక్షరాలు కూడబలుక్కున్నట్టు నెమ్మదించడం తెలుస్తుంది. కొన్నిసార్లు పేరుకు ముందు సన్నని ఊపిరి కూడా వినిపిస్తుంది. ఆ లైనరును ఇంటర్వ్యూ ముందు అతికిస్తే మిగతా పది నిమిషాలకూ అదే పూచీకత్తుగా నిలుస్తుంది. ఆ పదిలో తార ఆ స్టేషనుకు నిజంగా ఇచ్చినది నాలుగు క్షణాలే కావచ్చు.

వినడం ద్వారా గుర్తుపట్టగలమా?

చాలాసార్లు గుర్తుపట్టవచ్చు. మొదట గమనించవలసినది గది. ప్రతి గదికీ ఒక శబ్దం ఉంటుంది: ఏసీ హోరు, గోడల ప్రతిధ్వని, దూరాన కుర్చీ జరిగిన చప్పుడు. ఆర్‌జే ప్రశ్న అడుగుతున్నంతసేపూ ఆ శబ్దం పూర్తిగా మాయమై, తార నోరు తెరవగానే తిరిగి వస్తే ఇద్దరూ ఒకే గదిలో లేరన్నమాట. ఫోను ఇంటర్వ్యూ అని తప్పించుకోవడం కూడా అంత సులభం కాదు, ఎందుకంటే నిజమైన ఫోను సంభాషణలో ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది, ‘హలో, వినిపిస్తోందా’ అనడం ఉంటుంది.

రెండోది సంభాషణ నడిచే తీరు. తెలుగువారు ఇద్దరు మాట్లాడుకుంటే ఒకరు చెబుతుండగానే రెండోవారు ‘ఊఁ’ కొడతారు, ‘అబ్బా’ అంటారు, మధ్యలో అందుకుంటారు. అతికించిన ఇంటర్వ్యూలో ఊఁకొట్టడం ఉండదు, ఉన్నా జవాబు పూర్తయిన తరువాతే వస్తుంది. జవాబులోంచి పుట్టిన ఎదురు ప్రశ్న ఒక్కటీ ఉండదు. తార ‘చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయాను’ అని చెప్పినా, తరువాతి ప్రశ్న ‘ఈ సినిమాలో పాటల గురించి చెప్పండి’ అనే ఉంటుంది. ఆర్‌జే పేరును తార ఒక్కసారైనా పలకకపోవడం కూడా అనుమానించదగినదే, తెలుగు తారలు మాటమాటకూ పేరు పెట్టి పిలిచి చనువు చూపేవారే కనుక.

ఇవి ఏ ఒక్కటీ రుజువు కాదు. మంచి ఎడిటరు ఊఁకొట్టడాలను కత్తిరించవచ్చు, తడబడే ఆర్‌జే నిజంగానే ఎదురు ప్రశ్న మరచిపోవచ్చు. మరో స్టేషనులోనో వీడియోలోనో అదే జవాబు అదే ఊపిరితో దొరికితే మాత్రం ఇక వాదన ఉండదు.

అయితే పాత ఇంటర్వ్యూలను మళ్ళీ వినిపించడమే తప్పా?

ఎంతమాత్రమూ కాదు. ఆకాశవాణి, వివిధ భారతి తమ సంగ్రహాలయాల నుంచి కళాకారుల పాత రికార్డింగులను వినిపించడం శ్రోతలకు పెద్ద వరం. అవి ఎప్పటివో, ఎవరు మాట్లాడించారో చెప్పడం వల్ల వాటి విలువ పెరుగుతుందే గానీ తగ్గదు. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాను వ్యాఖ్యాత అమీన్ సయానీ బొంబాయిలో రికార్డు చేస్తే టేపులు కొలంబోకు వెళ్ళేవి. శ్రోతలకు ఆ దూరం అడ్డుకాలేదు, ఆయన ఎవరి పనినీ తనదని చెప్పుకోలేదు కూడా.

మరో స్టేషను ఇంటర్వ్యూను ఎత్తుకొచ్చి వేస్తే చట్టం ఏమంటుంది?

పీఆర్వో ఇష్టపూర్వకంగా పంపిన బైట్ల సంగతి వేరు, అడగకుండా తెచ్చుకున్నది వేరు. భారత కాపీరైటు చట్టం, 1957లోని 37వ సెక్షను ప్రకారం ప్రసార సంస్థకు తన ప్రసారం మీద, అది జరిగిన మరుసటి సంవత్సరం నుంచి లెక్కిస్తే 25 ఏళ్ళపాటు పునఃప్రసార హక్కు ఉంటుంది. రికార్డింగు మీద నిర్మాతకు ఉండే కాపీరైటు 60 ఏళ్ళు. వర్తమాన సంఘటన గురించి చెబుతూ చిన్న ముక్క వాడుకోవడాన్ని 52వ సెక్షను మన్నించే అవకాశం ఉంది గానీ, ప్రశ్నలు తీసివేసి సొంత గొంతు పెట్టి వినోద కార్యక్రమంగా వేసుకోవడాన్ని ఆ సెక్షను నీడలోకి తేవడం కష్టం.

శ్రోత ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ముందుగా స్టేషనుకే, తేదీ, సమయం, కార్యక్రమం పేరు రాసి పంపాలి. ప్రెస్ కౌన్సిల్ పరిధి పత్రికల వరకే. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు అనుమతులిచ్చేది కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ కనుక ఆ పైన అక్కడికే రాయాలి. అయితే ఎఫ్‌ఎంలు పాటించవలసిన ఆకాశవాణి ప్రోగ్రాం కోడ్ ప్రధానంగా పట్టించుకునేది మతాలపై దాడి, అశ్లీలత, హింసను రెచ్చగొట్టడం, కోర్టు ధిక్కారం వంటి వాటిని. రికార్డు ఇంటర్వ్యూను ప్రత్యక్షమని చెప్పడం ఆ జాబితాలో ఇమిడేది కాదు కాబట్టి చర్య మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. స్టేషను మేనేజరుకు రాసిన ఉత్తరమే తరచుగా ఎక్కువ పని చేస్తుంది, ముఖ్యంగా ఆ జవాబు ముందుగా వచ్చిన వీడియో లింకు జతచేస్తే.

కృత్రిమ మేధ వచ్చాక ఈ ప్రశ్నలకు అర్థం మిగిలిందా?

ఇంకా పెరిగింది. పోలండులో ఆఫ్ రేడియో క్రాకువ్ అనే స్టేషను 2024 అక్టోబరులో మనుషుల స్థానంలో కృత్రిమ వ్యాఖ్యాతలను పెట్టి, 2012లో కన్నుమూసిన నోబెల్ కవయిత్రి విస్వావా షింబోర్స్కాతో ‘ఇంటర్వ్యూ’ వినిపించింది. కృత్రిమమని ముందే చెప్పినా నిరసనలు వెల్లువెత్తడంతో వారం తిరిగేసరికి ఆ ప్రయోగాన్ని ఆపేశారు. సిడ్నీలో ఒక స్టేషను నెలల తరబడి కృత్రిమ గొంతుతో పనిదినాల్లో రోజుకు నాలుగు గంటల కార్యక్రమం నడిపిన సంగతి 2025 ఏప్రిల్‌లో బయటపడింది, అక్కడ శ్రోతలకు చెప్పలేదు. పాత పద్ధతిలో కనీసం తార జవాబు తారదే. ఇకమీదట అదీ అనుమానమే కనుక, జవాబు ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో చెప్పగలగడం స్టేషన్లకే అవసరమవుతుంది.

మాది చిన్న స్టేషను. తారలు రారు. పీఆర్వో పంపిన ఆడియోను నిజాయితీగా వాడుకునే మార్గం ఏమిటి?

ప్రశ్నలు మీ గొంతుతో అడగడం మానేసి, విషయాన్ని కథనంగా చెప్పండి. ‘ఈ పాత్ర కోసం బరువు తగ్గవలసి వచ్చిందట, ఆ సంగతి ఆయన మాటల్లోనే వినండి’ అని బైటు వేస్తే కార్యక్రమం చప్పబడదు. మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ‘చిత్రబృందం పంపిన ఆడియో’ అనండి. ఏది ఎప్పుడు వేయాలో రాసుకునే క్యూ షీటులో కూడా ఆ మాట రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆర్నెల్ల తరువాత దానిని మళ్ళీ వేసే ప్రొడ్యూసరుకు అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ‘ఎక్స్‌క్లూజివ్’ అనే స్టింగును (చిన్న సంగీతపు ముక్కతో కూడిన ప్రకటనను) ఆ ఫైలు పక్కన ఉంచకండి.

వీలైతే ఒక్క ప్రశ్నకైనా మీకోసం విడిగా జవాబు అడగండి. మీ ఊరి శ్రోత పంపిన ప్రశ్నను పీఆర్వోకు వాట్సాప్‌లో పంపితే, నటుడు కారులో కూర్చుని అరనిమిషం వాయిస్ మెసేజ్ పెట్టిన సందర్భాలు లేకపోలేదు. హారన్ల రొదలో, సగం మింగిన మాటలతో వచ్చిన ఆ అరనిమిషాన్ని శుభ్రం చేయించకుండా అలాగే వేయండి.